చిప్పు కథలు – 11: ప్రభ కట్టినట్టు పెట్టె కట్టిన కాలం

గత భాగంలో మనం హైదరాబాదు శివార్లలో ఆగాం. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఏ.ఎస్. రావు 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టడం, 1969లో టీడీసీ-12 బయటికి రావడం, 1978లో ఐబీఎం మూటాముల్లె సర్దుకుని దేశం విడిచిపోవడం, 1984 నవంబరులో కొత్త కంప్యూటర్ విధానంతో దిగుమతుల తలుపు ఓరగా తెరుచుకోవడం చూశాం. అప్పటిదాకా కంప్యూటరంటే ఏసీ గదిలో కొలువైన దేవుడు. చెప్పులు బయట విడిచి వెళ్లాలి, పూజారి తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఈ భాగంలో ఆ దేవుడు గర్భగుడి దిగి, అట్టపెట్టెల్లో ముక్కలు ముక్కలుగా సర్దుకుని, బస్సులో ఎవరో ఒకరి ఒళ్లో కూర్చుని పల్నాడు చేరతాడు.

కొండ కింద ప్రభలు

శివరాత్రి ఇంకా వారాల దూరంలో ఉండగానే కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లలో వెదురు బొంగులు దిగుతాయి. ప్రభ ఏ కొట్లోనూ తయారుగా దొరకదు. బొంగులు ఒకచోట, తాళ్లు ఒకచోట, గుడ్డ ఇంకోచోట కొంటారు. లైట్లూ జనరేటరూ బాడుగకు తెస్తారు. పగలు పొలం పనిచేసిన కుర్రాళ్లే రాత్రి ప్రభ పనిలో కూర్చుంటారు. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు లేస్తుంది. దాన్ని కొండ కిందికి చేర్చాలంటే దారి పొడుగునా కరెంటు తీగలు విప్పుకుంటూ పోవాలి. త్రికూటేశ్వరుడికి మొక్కు ఎలాగూ తీరుతుంది, అసలు సంగతి పక్క ఊరి ప్రభ కన్నా మనది ఒక మూరైనా ఎత్తుందా అన్నది.

తొంభైల చివర పల్నాడుకు కంప్యూటరు కూడా ఇలాగే వచ్చింది. పెద్ద కంపెనీ బిళ్ల అంటించుకుని, సీలు వేసిన పెట్టెలో వచ్చింది బహు తక్కువ. మదర్‌బోర్డు ఒక దేశానిది, మెమరీ ఇంకో దేశానిది, మానిటరు మరో కంపెనీది. నరసరావుపేటలోనో గుంటూరులోనో ఒక కుర్రాడు స్క్రూడ్రైవరు పట్టుకుని నేల మీద కూర్చుని వాటన్నిటినీ ఒక రేకు పెట్టెలో బిగించేవాడు. దాన్ని ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అనేవాళ్లం. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన పీసీల్లో పెద్ద వాటా ఇలాంటి ఊరూపేరూ లేని పెట్టెలదే.

ప్రభను ఎవరైనా కట్టవచ్చు. అదెలా కట్టాలన్నది ఏ ఒక్కరి సొత్తూ కాదు గనక. మరి కంప్యూటరు? దాన్ని కనిపెట్టింది కోట్లకు పడగెత్తిన కంపెనీలు కదా, నరసరావుపేట కుర్రాడు కట్టుకోగలిగేంత బార్లా తలుపు ఎవరు తెరిచారు? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఒకసారి అమెరికా వెళ్లిరావాలి.

తాళం మరిచిన పెద్దింటివాళ్లు

1980లో ఐబీఎం కంగారులో ఉంది. చిన్న కంప్యూటర్ల బజారులో యాపిల్ లాంటి కుర్ర కంపెనీలు దూసుకుపోతున్నాయి. ఐబీఎం పద్ధతిలో అన్నీ సొంతంగా తయారుచేసుకుంటూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది. అందుకని ఫ్లోరిడాలోని బోకా రాటన్ ఊళ్లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఒక చిన్న బృందాన్ని కూర్చోబెట్టి, ఏడాదిలో యంత్రం కావాలన్నారు. వాళ్లు బజారులో దొరికే ముక్కలే ఏరుకొచ్చారు. ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్నారు.

ఇంటెల్‌కు అప్పటికే 1978 నాటి 8086 ఉంది, 29,000 ట్రాన్సిస్టర్ల చిప్పు. ఐబీఎం దాన్ని కాదని దాని తమ్ముడు 8088ని ఎంచుకుంది. లోపల రెండూ ఒకటే. బయటికి మాత్రం 8088 ఒకేసారి 8 బిట్లు పంపుతుంది, కాబట్టి దాని చుట్టూ చవక చిప్పులు సరిపోతాయి. పెద్ద ఇంటికి చిన్న గుమ్మం పెట్టి ఖర్చు తగ్గించుకున్నట్టు. 1981 ఆగస్టు 12న 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో ఐబీఎం పీసీ బజారుకొచ్చింది.

అన్నీ కొనుక్కొచ్చిన ముక్కలే అయినప్పుడు ఐబీఎం సొంతమన్నది ఒక్కటే మిగిలింది. బయాస్ అనే చిన్న ప్రోగ్రాం. స్విచ్చి వేయగానే యంత్రాన్ని నిద్రలేపేది అదే. కాంపాక్ కంపెనీ ఇంజినీర్లు ఐబీఎం రాసిన దాన్ని చూడకుండా, అది చేసే పనులు మాత్రం తెలుసుకుని, కొత్తగా తమ బయాస్ రాసుకున్నారు. 1984కల్లా ఫీనిక్స్ అనే కంపెనీ అలాంటి బయాస్‌ను ఎవరికి కావాలంటే వాళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌ను ఇతరులకు అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ ముందే తన దగ్గర ఉంచుకుంది. ఇక ఐబీఎం చేతిలో మిగిలింది పేరే. తైవాన్‌లో వందల కార్ఖానాలు మదర్‌బోర్డులు పోత పోయడం మొదలుపెట్టాయి. తొందరలో తాళం వేయడం మరిచిన ఆ తలుపులోంచే, దాదాపు పదిహేనేళ్ల తర్వాత, మన నరసరావుపేట కుర్రాడు లోపలికి నడిచాడు.

చిప్పుల పల్నాటి యుద్ధం

తలుపు తెరిచి ఉంటే చాలదు, ధర కూడా దిగాలి. ధర దిగాలంటే ఇద్దరు కొట్టుకోవాలి. కొట్టుకున్నారు.

దాయాదుల పోరంటే పల్నాడులో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. నలగామరాజు, మలిదేవుడు ఒక తండ్రి బిడ్డలే. గురజాల ఒకరిది, మాచర్ల ఒకరిది. ఇంటెల్, ఏఎండీ కూడా ఫెయిర్‌చైల్డ్ అనే ఒకే ఇంట్లోంచి వేరుపడ్డవే. ఇంటెల్‌ను 1968లో రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్ పెట్టారు. ఏఎండీని 1969లో జెర్రీ శాండర్స్, మరికొందరు కలిసి పెట్టారు. వాళ్లిద్దరూ చిప్పు పుట్టుకలో చేయిపెట్టిన శాస్త్రజ్ఞులు, ఈయన సరుకు అమ్మడంలో ఘనాపాఠి.

పంపకం 1982లో జరిగింది. ఒకే కంపెనీని నమ్ముకుంటే రేపు సరుకు ఆగిపోతే ఎలా అని ఐబీఎం రెండో తయారీదారు ఉండాలని పట్టుబట్టింది. దాంతో తన చిప్పుల నమూనాలు ఏఎండీ కూడా తయారుచేసుకునేలా ఇంటెల్ ఒప్పందం రాసుకుంది. 286 దాకా కాపురం సాగింది. 1985లో 2,75,000 ట్రాన్సిస్టర్లతో 386 వచ్చింది. అప్పటికి ఇంటెల్‌కు ధైర్యం వచ్చేసింది. ఈసారి భాగం ఇచ్చేది లేదంది. 1986లో మొదటి 386 పీసీని ఐబీఎం కన్నా ముందే కాంపాక్ బజారులో పెట్టడంతో పెద్దింటి పెత్తనం కూడా పోయింది.

కారంపూడి రణరంగం బదులు ఇక్కడ కోర్టులు, మధ్యవర్తులు. ఏళ్లు గడిచాయి. ఈలోగా ఏఎండీ తానే 386కు జోడీ తయారుచేసి 1991లో వదిలింది. ఇంటెల్ 386 33 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగితే, ఏఎండీ 40 అంది. పేరు వాడుకోవద్దని ఇంటెల్ వాదిస్తే, అంకె మీద ఎవరికీ హక్కు లేదని కోర్టు తేల్చింది. 1995లో ఇద్దరూ రాజీపడే సరికి బజారులో ధరలు ఎప్పుడో దిగిపోయాయి. మాచర్ల, గురజాల కొట్టుకుంటే ఊళ్లు కాలాయి, వీళ్లు కొట్టుకుంటే మనకు పెట్టెలు చవకయ్యాయి.

అంకెకు హక్కు లేదనగానే ఇంటెల్ అంకెనే మానేసింది. 286, 386, 486 తర్వాత 586 రావాలి. 1993లో వచ్చినది పెంటియం. గ్రీకు భాషలో ‘పెంటె’ అంటే అయిదు. మన ‘పంచ’కు అది దూరపు చుట్టమే. పంచాక్షరి జపించే కొండ కింద ఆ పేరు తొందరగానే నోళ్లకెక్కింది. దాని తయారీకి పెద్ద దిక్కుగా నిలిచినవాడు పుణెలో పుట్టిన వినోద్ ధామ్. ‘పెంటియం పితామహుడు’ అని పత్రికలు రాశాయి.

అయిదో తరానికి దిష్టి కూడా తగిలింది. 1994లో వర్జీనియాలో గణితం చెప్పే థామస్ నైస్లీ అనే ఆచార్యుడు తన పెంటియం భాగహారంలో తప్పు చేస్తోందని పట్టుకున్నాడు. 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.3338 రావాలి. అది 1.3337 చెప్పింది. నాలుగో దశాంశంలో తప్పు. మామూలోడికి తగలదులే అని మొదట ఇంటెల్ దాటవేయబోయింది. లోకం ఊరుకోలేదు. చివరికి అడిగినవారికల్లా చిప్పు మార్చి ఇస్తామని దిగొచ్చింది. ఖాతాలో రాసుకున్న నష్టం 47 కోట్ల 50 లక్షల డాలర్లు. మిర్చి యార్డులో కాటా ముల్లు తప్పితే ఏమవుతుందో గుంటూరు జిల్లావాళ్లకు తెలుసు. తూకం తప్పిన మరుక్షణం సరుకు గురించి మాట్లాడరు, మనిషి గురించి మాట్లాడతారు.

కొటేషన్ కాగితం

1991 తర్వాత దిగుమతుల పట్టు సడలింది. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరడంతో కంప్యూటర్ ముక్కల మీద సుంకాలు మెట్టు మెట్టుగా దిగసాగాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నైలో రిచీ స్ట్రీట్ అప్పటి మన చిప్పుల సంతలు. నరసరావుపేట నుంచి కుర్రాళ్లు పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి హైదరాబాదులో దిగి, మధ్యాహ్నానికల్లా కొట్లన్నీ తిరిగి, మళ్లీ రాత్రి బస్సుకు వచ్చేవాళ్లు. మదర్‌బోర్డు ఒళ్లో. హార్డ్ డిస్క్ తువ్వాలులో చుట్టి సంచి మధ్యలో. మానిటరు మాత్రం డ్రైవరు వెనక సీటు పక్కన, కండక్టరును బాబాయ్ అని పిలిచి ఒప్పించుకున్న చోట.

ఆ కాలపు అసలు చరిత్ర పత్రం కొటేషన్. తెల్ల కాగితం మీద వరసగా రాసేవాళ్లు: ప్రాసెసర్, బోర్డు, 32 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్క్, 1.44 ఫ్లాపీ, సీడీ డ్రైవు, పదిహేనంగుళాల కలర్ మానిటరు, కీబోర్డు, మౌసు. కింద మొత్తం నలభై వేలో, యాభై వేలో. ‘బిల్లు కావాలా, వద్దా?’ అన్న ప్రశ్నతో ఆ మొత్తం ఇంకోసారి మారేది. మిర్చి అమ్మిన డబ్బో, చిట్టీ పాడిన డబ్బో చేతిలో పెట్టుకున్న తండ్రికి ఆ వరసలో ఒక్క మాటా తెలియదు. ‘ఏరా, ఇందులో ఏది ముఖ్యం?’ అని కొడుకును అడిగేవాడు. కొడుక్కీ తెలియదు. కొట్టువాడు మాత్రం ప్రాసెసర్ మీద వేలు పెట్టేవాడు.

ఇక్కడ ఒక చిత్రం. మనవాళ్లు ఆ మొత్తం రేకు పెట్టెనే ‘సీపీయూ’ అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. అసలు సీపీయూ దాని లోపల, అరచేతిలో ఇమిడే ఆ పలక. గుడిని దేవుడని పిలిచినట్టు.

కొటేషన్‌కు ఆయుష్షు ఒక్కరోజే. ఇవాళ్టి ధర రేపు ఉండదు. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడి చిప్పుల కార్ఖానాలకు కరెంటు పోయి రోజుల తరబడి పని ఆగింది. ప్రపంచమంతటా మెమరీ ధరలు ఎగిరాయి. తైవాన్ ఎక్కడుందో పటంలో చూపించలేని మనిషి కూడా దసరాకు కొనాలనుకున్న 64 ఎంబీని 32కు దించుకున్నాడు.

నేల మీద పురుడు

సిస్టమ్ కట్టే రోజు ఇంట్లో పండగే. చాప వేసి, ముక్కలన్నీ పరిచి, చుట్టూ ఇంటివాళ్లు కూర్చునేవాళ్లు. ముందు మదర్‌బోర్డు మీద చిన్న లివరు పైకెత్తాలి. ప్రాసెసర్‌కు ఒక మూల గుర్తుంటుంది, ఆ మూల సాకెట్ మూలతో కలవాలి. వందల పిన్నులు. బలం పెట్టి నొక్కకూడదు, దానంతట అదే దిగాలి. దిగాక లివరు దించి, పైన హీట్‌సింకు, ఫ్యాను. తర్వాత జంపర్లు. గోరంత ప్లాస్టిక్ తొడుగులవి. వాటిని ఏ పిన్నుల మీద పెడితే ఆ వేగం, ఆ ఓల్టేజీ. బోర్డుతో వచ్చిన పుస్తకంలో పట్టిక చూసి పెట్టాలి. ఆ పుస్తకం పోగొట్టుకున్నవాడి బాధ జాతకం పోగొట్టుకున్న పెళ్లికొడుకు బాధ.

అన్నిటికన్నా భయం కరెంటు తీగలది. పాత ఏటీ క్యాబినెట్లలో పవర్ సప్లై నుంచి రెండు కొసలు వస్తాయి. రెండూ పక్కపక్కనే గుచ్చాలి. అటుదిటు గుచ్చితే బోర్డు మాడిపోతుంది. అందుకు గురుముఖంగా వచ్చిన మంత్రం ఒకటే: ‘నలుపు నలుపు పక్కన.’ రెండు కొసల నల్ల తీగలూ మధ్యలో కలిస్తే సరి. ఇంజినీరింగ్ చదవని కుర్రాళ్లు ఈ ఒక్క మాటతో వేలకు వేల బోర్డులను కాపాడారు. వెడల్పాటి బూడిదరంగు కేబుల్‌కు ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, అది ఒకటో పిన్ను వైపు ఉండాలి. హార్డ్ డిస్కు మాస్టర్, సీడీ డ్రైవు స్లేవ్. ఇద్దరూ మాస్టర్లమంటే ఎవరూ పలకరు, కూటమి సర్కారులాగా.

అంతా బిగించాక బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేస్తే, ఇల్లంతా ఊపిరి బిగబట్టి వినేది ఒక్క చప్పుడు కోసం. ఒకే ఒక్క బీప్. అంటే శుభం. తెర మీద నల్లటి నేపథ్యంలో తెల్ల అంకెలు పరుగెత్తి 32768 దగ్గర ఆగుతాయి. మెమరీ లెక్క సరిపోయింది. అదే బీప్ బీప్ బీప్ అని ఆగకుండా మొత్తుకుంటే, ర్యామ్ సరిగా కూర్చోలేదు. తీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టేవాళ్లు. నూటికి తొంభై సార్లు లేచేది. ఈ రబ్బరు వైద్యం ఏ కంపెనీ పుస్తకంలోనూ నేను చూడలేదు. ఊరూరా మెకానిక్కులంతా ఒక్క తల్లి దగ్గర నేర్చుకున్నట్టు అదే చేసేవాళ్లు.

ఆ పెట్టె ఏం చేసింది?

ఇంత ఖర్చుపెట్టి కొన్న పెట్టె తిండి పెట్టాలి కదా. నరసరావుపేట, చిలకలూరిపేట సెంటర్లలో అది ముందు డీటీపీ కొట్టు అయింది. శుభలేఖలు, కరపత్రాలు, ప్రభల చందా రసీదులు. టక టక మోగే టీవీఎస్ గోల్డ్ కీబోర్డు మీద చేయి తిరిగిన అమ్మాయి పేజీకి ఇంతని తీసుకునేది. జాతకాల ప్రోగ్రాం వేసుకున్నవాడు పుట్టిన వేళ కొట్టి రాశిచక్రం అచ్చు తీసి ఇచ్చేవాడు. విత్తనాలు, పురుగుమందుల కొట్ల లెక్కల్లోకి ట్యాలీ దిగింది. 1998లో రాష్ట్ర ప్రభుత్వం ‘కార్డ్’ పథకం తెచ్చి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కంప్యూటర్లు పెట్టింది. అప్పటిదాకా దస్తావేజులను దస్తూరీతో పుస్తకాల్లోకి ఎక్కించేవాళ్లు. పొలం కొన్నవాడికి తన పేరు తెర మీద చూసుకోవడం అదే మొదటిసారి.

రాత్రయితే అదే పెట్టె సినిమా హాలు. వీసీడీ పెడితే వీధి సగం గదిలో ఉండేది. బొమ్మ తెర మీద ఆడాలంటే డిస్‌ప్లే కార్డు కావాలి. ఆ రోజుల్లో చవక కార్డుల్లో ఎస్3 వాళ్లవి బాగా కనపడేవి. ఆ ఎస్3 కంపెనీలో 1996లో చేరిన తెలుగువాడు రాజా కోడూరి. తర్వాత ఏటీఐ, ఏఎండీ, యాపిల్, ఇంటెల్‌లలో గ్రాఫిక్స్‌కు పెద్ద పేర్లలో ఒకడయ్యాడు. పెట్టెలో ముక్క ఏ దేశందైనా, అప్పటికే మనవాడి చేయి దాని దగ్గరికి చేరింది.

కరెంటు సంగతి వేరే చెప్పాలా? వ్యవసాయ మోటార్లన్నీ ఒకేసారి ఎక్కినప్పుడు ఊళ్లో ఓల్టేజీ పడిపోయేది. తెర మీద బొమ్మ నడుము సన్నబడి వణికేది. స్టెబిలైజరు, దాని పక్కన యూపీఎస్. ‘కుయ్ కుయ్’మని యూపీఎస్ ఏడుపు మొదలుపెడితే టైపు చేసేవాళ్ల వేళ్లు వెంటనే సేవ్ కొట్టేవి. 1999 ఏప్రిల్ 26న ఇంకో రకం పిడుగు పడింది. సీఐహెచ్ అనే వైరస్. తైవాన్ విద్యార్థి ఒకడు రాసినది. సరిగ్గా ఆ తేదీన నిద్రలేచి హార్డ్ డిస్కును చెరిపి, కొన్ని బోర్డుల్లో బయాస్‌ను కూడా పాడుచేసింది. ఆసియా అంతటా లక్షల యంత్రాలు ఆ పొద్దున లేవలేదు. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఆ ఒక్క బీప్ రాదు.

ఎల్లమంద దారిలో 8085

ఇంతలో కొండ దారిలోనే ఇంకో మార్పు వచ్చింది. 1998లో నరసరావుపేట నుంచి కోటప్పకొండ వెళ్లే రోడ్డు మీద, ఎల్లమంద దగ్గర, నరసరావుపేట ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. అదే ఏడాది నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభం. ప్రభలు నడిచే దారిలో ఇప్పుడు డ్రాఫ్టర్లు పట్టుకున్న పిల్లలు నడవసాగారు.

మన రాష్ట్రపు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ పిల్లలు చేతులు పెట్టిన మొదటి ప్రాసెసర్ పెంటియం కాదు, 1976 నాటి ఇంటెల్ 8085. 6,500 ట్రాన్సిస్టర్లు. మానిటరు ఉండదు. పచ్చ బోర్డు మీద చిన్న కీప్యాడ్, ఎర్రగా వెలిగే ఆరు అంకెలు. 3ఈ అని కొట్టి ఒక సంఖ్య కొడితే ఆ సంఖ్య లోపలికి వెళుతుంది, 76 కొడితే ఆగుతుంది. రెండు అంకెలు కూడించడానికి పావుగంట. ఇంట్లో కోట్ల కూడికలు చేసే పెట్టె ఉండగా ఇక్కడ ఈ తంటా ఎందుకని పిల్లలు నవ్వుకునేవాళ్లు. కానీ ఎర్ర దీపాల వరసను ఒకదాని తర్వాత ఒకటి వెలిగించే ప్రయోగం వచ్చేసరికి ప్రభ కట్టిన ఊరి పిల్లాడి కళ్లు మెరిసేవి. ప్రభ మీద పరుగెత్తే లైట్ల గుట్టు అదే కదా! ఏ వరస ఎప్పుడు వెలగాలి, ఎప్పుడు ఆరాలి. అలంకరణ లైట్ల పనిలో పాతరోజుల్లో మోటారుతో తిరిగే డ్రమ్ము చేసిన పని, తర్వాత చిన్న సర్క్యూట్ బోర్డు చేతికి వచ్చింది.

ఎత్తు పందెం

ఇక్కడ యుద్ధం మళ్లీ రాజుకుంది. వినోద్ ధామ్ 1995లో ఇంటెల్ వదిలి నెక్స్‌జెన్ అనే చిన్న కంపెనీకి వెళ్లాడు. ఏఎండీ ఆ కంపెనీనే కొనేసింది. వాళ్ల నమూనా మీద 1997లో కే6 వచ్చింది. గమ్మత్తేమిటంటే అది ఇంటెల్ పెంటియం కూర్చునే సాకెట్ 7లోనే కూర్చుంటుంది. సైరిక్స్ అనే మరో కంపెనీ చిప్పు కూడా అందులోనే. ఒకే పీట మీద ముగ్గురు కూర్చోవచ్చు, బోర్డు మార్చనక్కర్లేదు. చేతిలో డబ్బు తక్కువున్న ఊళ్లకు ఇంతకన్నా వరం ఏముంది?

ఇంటెల్‌కు ఇది మింగుడుపడలేదు. అదే ఏడాది పెంటియం-2ను పొడవాటి పలక మీద బిగించి, స్లాట్ 1 అనే కొత్త గాడిలో గుచ్చేలా తెచ్చింది. ఆ గాడి మీద హక్కులు తనవి. పక్క ఊరి ప్రభ రాకుండా దారే మార్చేసినట్టు. పోనీ చవక రకం ఇవ్వాలి కదా, 1998 ఏప్రిల్‌లో సెలెరాన్ తెచ్చింది. వేగం పెంచే ఎల్2 క్యాష్ మెమరీ తీసేసిన ఆ చిప్పు ఈసురోమంది. జనం ఏఎండీ వైపు తిరిగారు. ఆగస్టుకల్లా తప్పు దిద్దుకుని, 128 కేబీ క్యాష్‌తో సెలెరాన్ 300ఏ వదిలింది. ఇక్కడే కుర్రాళ్లకు నిధి దొరికింది. బోర్డు మీది ‘బస్’ వేగాన్ని 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు పెంచితే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450 దగ్గర పరుగెత్తేది. ఏడాదికి వడదెబ్బలు లెక్కపెట్టే రెంటచింతల సీమలో ఈ పందెం ఆడటం మాటలా? మే నెలలో క్యాబినెట్ పక్కరేకు విప్పేసి, టేబుల్ ఫ్యాను దాని ముందు పెట్టి ఆడేవాళ్లు. ఇంట్లో పెద్దాయన చెమటలు కారుస్తూ విసనకర్ర ఊపుకుంటుంటే, ఫ్యాను గాలి కంప్యూటరుకు.

2000 మార్చి 4, శనివారం, మహాశివరాత్రి. కోటప్పకొండ కింద ప్రభలు బారులు తీరాయి, ‘చేదుకో కోటయ్యా’ అంటూ జనం కొండెక్కారు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, సోమవారం 6న, 1,000 మెగాహెర్ట్జ్ అథ్లాన్‌ను ఏఎండీ ప్రకటించింది. ఇంకో రెండు రోజులకు, 8న, ఇంటెల్ తన 1,000 మెగాహెర్ట్జ్ పెంటియం-3తో వచ్చింది. 1981లో 4.77తో మొదలైన పరుగు పందొమ్మిదేళ్లలో రెండొందల రెట్లు దాటింది. గీత మొదట దాటింది తమ్ముడి ప్రభ. అన్న ప్రభ రెండు రోజులు ఆలస్యం.

ఎత్తు పందెంలో ఓడినవాడు మరుసటి ఏడు ఇంకా పొడుగు కడతాడు. అదే ఏడాది నవంబరులో ఇంటెల్ 1.4, 1.5 గిగాహెర్ట్జ్ పెంటియం-4 తెచ్చింది. ఎత్తు పెంచడం కోసమే కట్టిన ప్రభ అది. ఒక్కో టిక్కుకు చేసే పని తగ్గింది, కొన్ని పనుల్లో పాత 1 గిగాహెర్ట్జ్ పెంటియం-3 కన్నా వెనకబడింది. పైగా వేడి. తర్వాతి చిప్పుకు ఇంటెల్ పెట్టుకున్న పేరు ‘తేజస్’. పేరుకు తగ్గట్టే మండింది, 2004లో దాన్ని మొదలంటా ఆపేశారు. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం-4 రానేలేదు. ప్రభ కట్టే ఏ పెద్దాయనను అడిగినా ముందే చెప్పి ఉండేవాడు: ఎత్తుకు తగ్గ పీఠం లేకపోతే గాలికి ఒరుగుతుంది.

వెనక్కి చూసిన గొల్లభామ

కోటప్పకొండకు ఒక కథ ఉంది. గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కలేక, స్వామినే కిందికి రమ్మందట. ‘నీ వెనకే వస్తాను, వెనక్కి మాత్రం చూడకు’ అన్నాడట స్వామి. కొండ బద్దలవుతున్న చప్పుడుకు ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయాడు. గుడి అక్కడే వెలిసింది.

చిప్పుల బజారు ఎన్నడూ వెనక్కి చూడలేదు. 486ను పెంటియం, పెంటియాన్ని కే6, కే6ను అథ్లాన్ చెత్తబుట్టలో వేసుకుంటూ పోయాయి. తర్వాత ల్యాప్‌టాప్ వచ్చింది, ఫోను వచ్చింది. సీలు వేసిన పెట్టె మళ్లీ వచ్చింది. ఇప్పుడు ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, లివరు లేదు, జంపరు లేదు, విప్పితే వారంటీ లేదు. ఏ దేవుణ్ణయితే గర్భగుడి నుంచి దించి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నామో, ఆయన మళ్లీ తలుపులు వేసుకున్నాడు. మనమే ఆగి వెనక్కి చూస్తున్నాం. ఆగిన చోట దొరికింది మాత్రం చిన్నదేమీ కాదు: లోపల ఏముందో చూసి, చేత్తో తాకి, చెడితే రబ్బరుతో రుద్ది లేపిన ఒక తరం. ఆ తరంలో ఎంతోమంది ఇదే ధైర్యంతో అమీర్‌పేట బస్సెక్కారు, అక్కడి నుంచి విమానం ఎక్కారు.

ఒక్క లోటు మాత్రం చెప్పకుండా ఈ భాగం ముగించలేను. అంత కష్టపడి కట్టిన పెట్టె లేవగానే మాట్లాడింది ఇంగ్లీషు. శుభలేఖలో ‘కోటప్పకొండ’ అని కొట్టాలంటే ప్రత్యేకమైన ఫాంటు కావాలి. ఒక కొట్లో కొట్టిన తెలుగు ఫ్లాపీలో పెట్టుకుని పక్క కొట్టుకు వెళితే, అక్కడ తెర మీద అది పిచ్చిగీతలయ్యేది. పెట్టెను మనం కట్టుకున్నాం. అందులోకి మన అక్షరాన్ని ఎవరు, ఎలా ఎక్కించారు? ‘క’కు కొమ్ము, ‘ప’కు వత్తు ఇవ్వడానికి యంత్రానికి ఎందుకంత కష్టమైంది? డీటీపీ కొట్ల ఫాంట్ల తగాదాల నుంచి యూనికోడ్ దాకా నడిచిన ఆ కథ వచ్చే భాగంలో.